పొగాకుతో నడిచిన చర్చి: వలస వర్జీనియాలో పారిష్ ఏం చేసేది

గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతులకు వర్జీనియా అంటే బ్యారన్ అనే కొట్టంలో వేడికి ఆరబెట్టే పొగాకు. ఆ పేరు పుట్టిన నేల అమెరికా తూర్పు తీరంలో ఉంది. 1607 నుంచి 1776 దాకా అక్కడ సాగిన ఇంగ్లీషు వలసలో పొగాకు పంటా అదే, నాణెమూ అదే. (గొట్టాల వేడితో ఆకు ఆరబెట్టే పద్ధతి ఆ తర్వాతి కాలానిది. ఆ వలసదారులు ఆకును గాలికి ఆరబెట్టి, పీపాల్లో కుక్కి లండన్‌కు ఎగుమతి చేసేవారు.) పాదిరీ జీతం, దిక్కులేని ముసలివాళ్ల తిండి ఖర్చు, ఆదివారం గుడికి రానివాడి జరిమానా, అన్నిటినీ పొగాకు పౌన్లలోనే (పౌను ఇక్కడ బరువు కొలత, డబ్బు పౌండు కాదు) లెక్కగట్టేవారు.

అమెరికా వలసల్లో మతం అనగానే చాలామందికి మసాచుసెట్స్‌లో స్థిరపడ్డ కఠిన ప్రొటెస్టెంట్లు, ప్యూరిటన్లే గుర్తొస్తారు. వర్జీనియా కథ వేరు. అక్కడ ఇంగ్లండ్ రాజు అధిపతిగా ఉన్న ఆంగ్లికన్ చర్చే చట్టబద్ధమైన చర్చి. వలస మొత్తాన్ని పారిష్‌లుగా, అంటే ఒక్కో చర్చి పాలనలో ఉండే ప్రాంతాలుగా, కోశారు. ఒక పారిష్ పరిధిలో నివసించే ప్రతివాడూ, నమ్మినా నమ్మకపోయినా, ఆ చర్చికి పన్ను కట్టాల్సిందే. మామూలు మనిషికి లండన్‌లోని రాజు, విలియమ్స్‌బర్గ్‌లోని గవర్నరు ఎప్పుడూ కనిపించరు. అతని గడప దాకా వచ్చే ప్రభుత్వం పారిష్. పన్ను వేసేది, పొలం సరిహద్దు తేల్చేది, అనాథను పనికి కుదిర్చేది, పెళ్లి కాకుండా బిడ్డను కన్న ఆడదాన్ని కోర్టుకు లాగేది అదే. ఆ చర్చికి అంత బలం ఎక్కడిదో, స్వాతంత్ర్యం వచ్చిన పాతికేళ్లలో అది ఎలా కూలిందో ఈ పనుల్లోంచి చూస్తేనే బోధపడుతుంది. వేదాంత చర్చల్లోంచి చూస్తే బోధపడదు.

తెరచాప కింద మొదలైంది

1607లో జేమ్స్‌టౌన్‌లో దిగిన వాళ్లు మొదట చేసిన చర్చి ఒక పాత తెరచాప. దాన్ని మూడు నాలుగు చెట్లకు కట్టారు. నరికిన దుంగలే బెంచీలు. రెండు చెట్ల మధ్య అడ్డంగా కొట్టిన కర్రే ప్రసంగ వేదిక. రాబర్ట్ హంట్ అనే పాదిరీ రోజూ ఉదయం సాయంత్రం ప్రార్థన నడిపేవాడు. ఆదివారం రెండు ప్రసంగాలు, మూడు నెలలకోసారి ప్రభు రాత్రి భోజనం.

1609-10 చలికాలంలో ఆకలితో వలస దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. ఆ తర్వాత వచ్చిన సైనిక చట్టాలు ఆరాధనను ఆజ్ఞగా మార్చాయి. మామూలు రోజున ప్రార్థనకు రాకపోతే మొదటిసారి ఆ రోజు తిండి కోత, రెండోసారి కొరడా దెబ్బలు, మూడోసారి ఆరు నెలలు ఓడల్లో తెడ్డు వేసే శిక్ష. ఆదివారం ఎగ్గొడితే మొదటిసారి వారం రోజుల రేషన్ పోతుంది, మూడోసారికి మరణశిక్ష అని రాశారు. ఇది భక్తి కోసం మాత్రమే చేసిన చట్టం అని నేను అనుకోను. తిండి గిడ్డంగి ఒకటే ఉన్న కోటలో రోజుకు రెండుసార్లు గంట కొట్టి అందరినీ ఒకచోట నిలబెట్టడమంటే హాజరు తీసుకోవడం కూడా.

1619 జూలై 30న వర్జీనియా తొలి శాసనసభ కూర్చున్నది జేమ్స్‌టౌన్ చర్చిలోనే. ఊళ్లో అంతమంది పట్టే కట్టడం అది. మరణశిక్ష మాట పోయి జరిమానా వచ్చింది. 1624 చట్టం ప్రకారం ఒక ఆదివారం మానేస్తే ఒక పౌను పొగాకు, నెల రోజులు మానేస్తే 50 పౌన్లు. 1699 నాటికి రెండు నెలలకు ఒక్కసారి కనిపిస్తే చాలన్నారు. 1705లో దాన్ని నెలకు ఒకసారిగా బిగించారు, తప్పితే 5 షిల్లింగులు లేదా 50 పౌన్లు. సడలింపుకు కారణం భూగోళమే. వలస నదుల వెంట సాగిపోయింది. కొన్ని పారిష్‌లు 30 మైళ్లు, అంతకన్నా పొడవు. గుర్రం లేనివాడు ప్రతి ఆదివారం నడిచి రాలేడు. అందుకే పారిష్‌లు ప్రధాన చర్చికి తోడు దూరపు మూలల్లో చిన్న చాపెళ్లు కట్టి, పాదిరీని వారానికొక చోటికి తిప్పేవి. ఆయన లేని చోట క్లర్కు, అంటే ఆరాధనలో పాదిరీకి సహాయకుడు, ప్రార్థన పుస్తకం చదివి, అచ్చయిన ప్రసంగం ఒకటి వినిపించేవాడు. 1660ల మొదట్లో ప్రతి ఐదు పారిష్‌లలో ఒక్కదానికే పాదిరీ ఉండేవాడు కనుక చాలా చోట్ల ఆరాధన అంటే క్లర్కు గొంతే.

పన్నెండుమంది

పారిష్‌ను నడిపేది వెస్ట్రీ అనే పాలక సంఘం. 1662 చట్టం దాన్ని పారిష్‌లోని సమర్థులైన పన్నెండుమందితో ఉండాలని స్థిరపరిచింది. సమర్థులు అంటే ఆచరణలో పెద్ద తోటల యజమానులు. ఒక సభ్యుడు చనిపోతే ఖాళీని మిగతా పదకొండుమందే నింపుకుంటారు, ఎన్నిక లేదు. తండ్రి కుర్చీలో కొడుకు, మామ కుర్చీలో అల్లుడు కూర్చోవడం మామూలైపోయింది. దీనిమీద జనంలో ఎంత కసి ఉండేదంటే, 1676లో నథానియల్ బేకన్ అనే తోటదారుడి నాయకత్వంలో గవర్నరు మీద తిరుగుబాటు జరిగినప్పుడు చేసిన చట్టాల్లో ఒకటి వెస్ట్రీని మూడేళ్లకోసారి ప్రజలే ఎన్నుకోవాలన్నది. తిరుగుబాటు అణగగానే ఆ చట్టాన్ని కొట్టేశారు.

ఏటా తమలో ఇద్దరిని చర్చ్‌వార్డెన్లుగా పెట్టుకుంటారు. డబ్బు, రొట్టె, ద్రాక్షారసం, మరమ్మతులు వాళ్ల చేతుల్లో ఉంటాయి. తాగి తిరిగినవాడు, బూతులాడినవాడు, గుడికి రానివాడు, వ్యభిచరించినవాడు ఎవరో కౌంటీ కోర్టుకు చెప్పాల్సిందీ వాళ్లే.

ఇంగ్లండ్‌లో వెస్ట్రీని అదుపులో పెట్టేది బిషప్. అమెరికాలో వలస కాలం మొత్తంలో ఒక్క ఆంగ్లికన్ బిషప్ కూడా లేడు. లండన్ బిషప్ దూరం నుంచి అజమాయిషీ చేసేవాడు. 1689లో బిషప్ హెన్రీ కాంప్టన్ తన ప్రతినిధిగా జేమ్స్ బ్లెయిర్‌ను నియమించాడు. బ్లెయిర్ 1743లో చనిపోయేదాకా ఆ పదవిలో ఉన్నాడు, 1693లో విలియం అండ్ మేరీ కాలేజీ పెట్టించాడు, కానీ పాదిరీకి అభిషేకం చేసే అధికారం ఆయనకు లేదు. ఇదే కాంప్టన్ అనుమతితో 1680 అక్టోబర్ 28న మద్రాసు సెయింట్ జార్జ్ కోటలోని సెయింట్ మేరీస్ చర్చిని ప్రతిష్ఠించారు. రెంటికీ తేడా జీతంలో ఉంది. మద్రాసు పాదిరీకి ఈస్ట్ ఇండియా కంపెనీ జీతమిచ్చింది, ఊళ్లోని తెలుగు, తమిళ వర్తకుల మీద చర్చి పన్ను పడలేదు. వర్జీనియాలో పన్ను లెక్కలోకి వచ్చే ప్రతి తల మీదా పడింది.

బిషప్ లేకపోవడం ఆచారాన్నే మార్చేసింది. పాదిరీ కావాలనుకున్న వర్జీనియా కుర్రాడు అట్లాంటిక్ దాటి లండన్ వెళ్లి అభిషేకం పొంది తిరిగి రావాలి. మశూచి, తుఫాను, ఓడ ఖర్చు అన్నీ తట్టుకోవాలి. బాప్తిస్మం పొందినవాడిని బిషప్ చేయి ఉంచి సంఘంలో స్థిరపరిచే కన్ఫర్మేషన్ ఇచ్చే దిక్కే లేదు. ప్రార్థన పుస్తకంలో కన్ఫర్మేషన్‌కు సిద్ధంగా ఉండి కోరుకునేవారిని కూడా బల్లకు రానివ్వవచ్చన్న వెసులుబాటు ఉంది. ఆ ఒక్క వాక్యం మీద తరతరాలు నడిచాయి. పాదిరీ విషయంలో వెస్ట్రీలు మరో మెలిక పెట్టాయి. ఆయన పేరును గవర్నరుకు పంపి పదవిలో స్థిరపరిస్తే తీసేయడం కష్టం. కనుక పంపకుండా ఏడాదికోసారి కొత్తగా కుదుర్చుకునేవి. పెద్ద తోటదారుడి తప్పు మీద ప్రసంగించే పాదిరీ వచ్చే ఏడు ఉద్యోగం చూసుకోవాల్సిందే.

లెవీ లెక్క

వెస్ట్రీ ఏడాదిలో చేసే అన్నిటికన్నా పెద్ద పని శరదృతువులో, మామూలుగా అక్టోబర్ ప్రాంతంలో, లెవీ, అంటే ఆ ఏటి పన్ను, వేయడం. 1696 చట్టం పాదిరీ జీతాన్ని ఏడాదికి 16,000 పౌన్ల పొగాకుగా ఖాయం చేసింది. దానికి తోడు గ్లీబ్, అంటే పాదిరీ అనుభవించే మాన్యం. 1727 చట్టం ప్రకారం అది కనీసం 200 ఎకరాలు, ఇల్లు సహా.

లెక్క ఎలా నడిచేదో ఒక ఉదాహరణ చూద్దాం. జీతం, పీపాల ఖర్చు, వసూలు రుసుము నిజంగా వాడిన రేట్లే. మిగతావి ఒక మధ్యరకం పారిష్ ఎలా ఉంటుందో చూపడానికి నేను వేసిన అంకెలు. పాదిరీకి 16,000. పీపాల కోసం నూటికి 4 చొప్పున 640. క్లర్కుకు 1,500. గుడి ఊడ్చి గంట కొట్టి గోతులు తవ్వేవాడికి 500. పేదల పోషణకు 3,500. పైకప్పు మరమ్మతుకు 3,000. మొత్తం 25,140. వసూలు చేసేవాడికి నూటికి 6 చొప్పున సుమారు 1,508 కలిపితే 26,648. పారిష్‌లో పన్ను లెక్కలోకి వచ్చే మనుషులు 800 మంది అనుకుంటే తలకు 33 పౌన్ల చిల్లర.

ఎవరి తల లెక్కలోకి వస్తుందన్నదే అసలు రాజకీయం. 16 ఏళ్లు నిండిన మగవాళ్లందరూ వస్తారు. తెల్ల ఇంటి ఇల్లాళ్లు, కూతుళ్లు రారు. ఆఫ్రికన్ స్త్రీలను మాత్రం 1643 నుంచే చేర్చారు. బానిసత్వం నుంచి బయటపడిన నల్లజాతి స్త్రీ కూడా పన్ను కట్టాల్సిందేనని 1668లో మళ్లీ చట్టం చేశారు. ఆ వివక్ష 1769 దాకా పోలేదు. దీనివల్ల స్వతంత్రుడైన నల్లజాతి రైతు ఇంట్లో భార్యకూ, ఎదిగిన కూతురికీ తలకింత చొప్పున పన్ను. పక్కింటి తెల్ల రైతుకు ఆ బాధ లేదు.

భూమి మీద పారిష్ పన్ను లేదు. పదివేల ఎకరాలున్నా ఒక్క ఆకు పెరగదు. 42 తలలున్న తోటదారుడు 1,386 పౌన్లు కడతాడు నిజమే, కానీ అది బానిసల చెమట నుంచి వచ్చేది. ఒంటరి రైతు తన చేతులతో ఏడాదికి తీసే పంట దాదాపు వెయ్యి పౌన్లు. అందులోంచి పారిష్ లెవీ, కౌంటీ లెవీ, వలస ప్రభుత్వ లెవీ మూడూ పోవాలి.

ఈ పద్ధతి ఎక్కడ చెడేదంటే, ముందుగా నాణ్యతలో. పన్నుకు పొగాకే ఇవ్వవచ్చు కదా అని జనం ఎండి విరిగిన ఆకు, కింది ఆకు, చెత్త కలిపి ఇచ్చేవారు. కాగితం మీద పాదిరీకి 16,000 ముట్టినట్టే, ఓడ కెప్టెన్ మాత్రం కొనడు. 1730లో వచ్చిన తనిఖీ చట్టం దీన్ని చాలావరకు సరిచేసింది. ప్రభుత్వ గిడ్డంగిలో తనిఖీదారు పీపా విప్పి చూసి, చెత్తను తగలబెట్టి, మంచి ఆకుకు చీటీ ఇస్తాడు. ఇక పన్నులు ఆ చీటీలతోనే. రెండో చిక్కు రకంలో ఉంది. యార్క్, రాపహానాక్ నదుల మధ్య పండే స్వీట్ సెంటెడ్ రకానికి మంచి ధర పలికేది, మిగతా చోట్ల ఒరొనోకో రకానికి తక్కువ. బరువు అందరికీ ఒకటే కనుక మంచి రకం పండే పారిష్‌ల కోసం పాదిరీలు పోటీపడేవారు. తక్కువ రకం పండే చోట కుర్చీ ఏళ్ల తరబడి ఖాళీగా ఉండేది. మూడోది ధర. చివరికి కొంప ముంచింది అదే, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఆదివారం

ప్రసంగం కోసమే జనం చర్చికి వచ్చేవారనుకుంటే తప్పు. వర్జీనియా ఆరాధనలో ఎక్కువ భాగం 1662 ప్రార్థన పుస్తకం చదవడమే. సాధారణంగా 11 గంటల ప్రాంతంలో మొదలు. ఉదయ ప్రార్థన, దానిలో కీర్తనలు, పాత నిబంధన నుంచి ఒక పాఠం, కొత్త నిబంధన నుంచి ఒకటి. తర్వాత లితనీ, అంటే పాదిరీ చదివే విన్నపాలకు సంఘం బదులు పలికే ప్రార్థన. తర్వాత రాత్రి భోజన ఆరాధనలోని మొదటి భాగం, పది ఆజ్ఞలతో సహా. ఆ తర్వాత ప్రసంగం, సుమారు 20 నిమిషాలు. పాదిరీ కాగితం చూసి చదివేవాడు. పద్యరూపంలోని కీర్తనలను క్లర్కు ఒక్కో పాదం అందిస్తే సంఘం పాడేది, ఎందుకంటే చాలామందికి పుస్తకం లేదు, ఉన్నా చదువు రాదు.

కట్టడం కూడా ఇదే చెబుతుంది. బాగా డబ్బున్న పారిష్‌లో ప్రసంగ వేదిక మూడంతస్తులు. కింద క్లర్కు, మధ్యలో ప్రార్థనలు చదివే బల్ల, పైన ప్రసంగపీఠం, దాని మీద గొంతు చెదరకుండా చెక్క గొడుగు. తూర్పు గోడకు పది ఆజ్ఞలు, ప్రభువు ప్రార్థన, విశ్వాస ప్రమాణం రాసిన పలకలు. చలి గాలి ఆపడానికి తలుపులున్న పెట్టెల్లాంటి కూర్చునే గదులు. ఎవరికి ఏ గది అన్నది వెస్ట్రీ నిర్ణయిస్తుంది, అంతస్తును బట్టి. బానిసలు మేడ మీద గ్యాలరీలోనో, వెనకాలో, కొన్ని చోట్ల బయటో.

ప్రతి ఆరాధనలోనూ రాజుకూ రాజకుటుంబానికీ ప్రార్థన ఉంటుంది. అందుకే స్వాతంత్ర్యం ప్రకటించిన మర్నాడే, 1776 జూలై 5న, వర్జీనియా సభ కూర్చుని ప్రార్థన పుస్తకంలోంచి రాజు పేరు కొట్టేయించింది. రాజు కోసం ప్రార్థిస్తానని ప్రమాణం చేసి అభిషేకం పొందిన పాదిరీలకు అది మనస్సాక్షిని చీల్చిన రోజు.

ప్రభు రాత్రి భోజనం ఏడాదికి మూడు నాలుగు సార్లే. క్రిస్మస్, ఈస్టర్, పెంతెకొస్తు, చాలా చోట్ల సెప్టెంబర్ చివర ఇంకోసారి. ఆ రోజు కూడా సంఘంలో కొద్దిమందే ఆగి బల్ల ముందున్న కమ్మీల దగ్గర మోకరించేవారు. అర్హత లేకుండా పాలుపంచుకుంటే శిక్షావిధి తెచ్చుకుంటామన్న పౌలు మాట వాళ్లను నిజంగానే భయపెట్టేది. హాజరు తక్కువైనంత మాత్రాన దాన్ని నిర్లక్ష్యం అనడం సరికాదు.

ఆరాధనకు ముందూ తర్వాతా చర్చి ఆవరణ సంతలా ఉండేది. 1770ల్లో ఒక తోటదారుడి ఇంట పిల్లలకు చదువు చెప్పిన యువకుడు తన డైరీలో రాసుకున్నాడు: లోపలికి వెళ్లేలోగా ఉత్తరాలు ఇచ్చిపుచ్చుకోవడం, ప్రకటనలు చదవడం, పొగాకు ధర, గుర్రాల జాతి మాట్లాడుకోవడం. ఊళ్లు లేని నేలలో అంతమంది కలిసే చోటు ఇంకొకటి లేదు. పెళ్లి ప్రకటన మూడు ఆదివారాలు ఇక్కడే వినిపించాలి. ప్రకటనతో పెళ్లికి పాదిరీ రుసుము 5 షిల్లింగులు, లైసెన్సుతో అయితే 20. కలిగినవాళ్లు లైసెన్సు తీసుకుని పెళ్లిని ఇంట్లోనే చేయించుకునేవారు. బాప్తిస్మం ఇంట్లో, అంత్యక్రియలు ఇంట్లో, సమాధి తోటలో పండ్ల చెట్ల పక్కన. దూరం వల్ల మొదలైన ఈ అలవాటు తర్వాత హోదాకు గుర్తయింది. 1780లో చట్టం మారేదాకా ఆంగ్లికన్ పాదిరీ చేసిన పెళ్లే చట్టం ముందు పెళ్లి. బానిసల పెళ్లికి ఎవరు చేసినా విలువ లేదు.

గట్లు, పేదలు, పిల్లలు

నాలుగేళ్లకోసారి వెస్ట్రీ పారిష్‌ను చిన్న ముక్కలుగా చేసి, ఒక్కో ముక్కకు ఇద్దరు భూస్వాములను నియమించేది. వాళ్లు ఇరుగుపొరుగు రైతులను వెంటబెట్టుకుని ప్రతి పొలం సరిహద్దు వెంట నడవాలి. గుర్తు చెట్ల మీద పాత గొడ్డలి గాటు మూసుకుపోయి ఉంటే కొత్తగా కొట్టాలి. ఎవరు వచ్చారో, ఎవరు అభ్యంతరం చెప్పారో రాసి వెస్ట్రీకి ఇవ్వాలి. ఒక సరిహద్దును తగాదా లేకుండా మూడుసార్లు ఇలా నడిస్తే అది ఇక మారదు. కుర్రాళ్లను తప్పకుండా తీసుకెళ్లేవారు, నలభై ఏళ్ల తర్వాత సాక్ష్యం చెప్పేది వాళ్లే కనుక. ఇంగ్లండ్‌లో ఇది పంటల మీద దీవెన కోరుతూ పాటలతో సాగిన ఊరేగింపు. వర్జీనియాలో ప్రార్థన రాలిపోయి సర్వే మిగిలింది.

పేదల పోషణ కూడా పొగాకుతోనే. గుడ్డి ముసలాయనను ఫలానా ఇంట్లో ఏడాది పాటు ఉంచినందుకు ఇన్ని వందల పౌన్లు, వైద్యుడికి ఇన్ని, శవపేటికకు ఇన్ని అని వెస్ట్రీ పుస్తకాల్లో వరసగా ఉంటాయి. సాయం నిజంగా అందింది, దాన్ని తక్కువ చేయకూడదు. దానితో పాటే అవమానమూ అందింది. 1755 చట్టం సాయం పొందేవాళ్లు కుడి భుజం మీద, పై బట్టకు, పారిష్ పేరు కత్తిరించిన రంగు గుడ్డ బిళ్ల అందరికీ కనపడేలా ధరించాలంది.

పెళ్లికాని స్త్రీకి బిడ్డ పుడితే చర్చ్‌వార్డెన్లు రంగంలోకి దిగేవారు. వాళ్ల మొదటి చింత పాపం కాదు, బిడ్డ ఖర్చు పారిష్ నెత్తిన పడటం. తండ్రి పేరు చెప్పించి అతనితో పూచీకత్తు రాయించేవారు. తల్లి కట్టాల్సిన జరిమానా 500 పౌన్లు. కట్టలేకపోతే కొరడా. ఒప్పందపు పనిమనిషి అయితే యజమానికి అదనపు కాలం చాకిరీ చేయాలి. 1691 చట్టం మరీ ఘోరం. తెల్ల స్త్రీకి నల్లజాతి పురుషుడితో బిడ్డ పుడితే నెలలోగా 15 స్టెర్లింగ్ పౌండ్లు కట్టాలి, లేదా చర్చ్‌వార్డెన్లు ఆమెను ఐదేళ్ల సేవకు అమ్ముతారు. ఆ సొమ్ములో మూడో వంతు ప్రభుత్వానికి, మూడో వంతు పారిష్‌కు, మూడో వంతు సమాచారం ఇచ్చినవాడికి. బిడ్డను 30 ఏళ్లు వచ్చేదాకా పనికి కట్టేస్తారు. పుట్టిన బిడ్డ యవ్వనాన్ని పంచుకుని పారిష్ ఖాతా నింపుకున్నారన్నది ఇందులో దాచలేని నిజం.

బాప్తిస్మం, సంకెళ్లు

క్రైస్తవుడు క్రైస్తవుడిని బానిసగా ఉంచుకోకూడదన్న నమ్మకం ఇంగ్లీషువాళ్లలో పాతదే. 1656లో ఎలిజబెత్ కీ అనే స్త్రీ నార్తంబర్లాండ్ కౌంటీలో స్వేచ్ఛ కోసం దావా వేసి గెలిచింది. ఆమె వాదనలు మూడు: తండ్రి ఇంగ్లీషువాడు, తనకు బాప్తిస్మం అయింది, తనను నిర్ణీత కాలానికే పనికి ఇచ్చారు. తోటదారులు ఈ తలుపులను ఒక్కొక్కటిగా మూసేశారు. 1662లో బిడ్డ స్థితి తల్లి స్థితిని బట్టే అన్నారు. 1667 సెప్టెంబర్‌లో బాప్తిస్మం వల్ల మనిషి బానిసత్వం మారదని చట్టం చేశారు. బాప్తిస్మం ఇస్తే బానిస చేజారతాడన్న భయం తీరితే యజమానులు బానిసలకు సువార్త అందనిస్తారని ఆ చట్టంలోనే కారణం రాశారు. నా దృష్టిలో వలస వర్జీనియా చర్చి చేసిన అన్నిటికన్నా బరువైన పాపం ఇదే. క్రీస్తులో దాసుడని స్వతంత్రుడని లేదన్న వాక్యం చదివే బల్ల మీదే దానికి అడ్డంగా గోడ కట్టారు.

చర్చి మౌనంగా చూస్తూ ఊరుకోవడమే కాదు, బానిసత్వం తరఫున పనిచేసింది. బానిసల తిరుగుబాట్లను అణిచే చట్టాన్ని ఏడాదికి రెండుసార్లు ఆరాధనలో చదవాలని 1682లో ఆజ్ఞ. 1705 చట్టం ప్రకారం పారిపోయి దాక్కున్న బానిస మీద ఇద్దరు న్యాయాధికారులు ప్రకటన జారీ చేస్తే, క్లర్కు దాన్ని ఆదివారం ఆరాధన అయిన వెంటనే చర్చి గుమ్మం దగ్గర చదవాలి. ఆ తర్వాత కూడా తిరిగి రాకపోతే అతన్ని ఎవరైనా ఏ విధంగానైనా చంపవచ్చు. యజమానికి నష్టపరిహారం ప్రభుత్వం ఇస్తుంది.

బానిసలు ఈ విషయాన్ని స్పష్టంగా చూశారు. 1723లో కొందరు లండన్ బిషప్‌కు ఉత్తరం రాశారు. తమను ఈ క్రూర బంధనం నుంచి విడిపించమని, తమ పిల్లలకు విశ్వాసం నేర్పించమని వేడుకున్నారు. సంతకాలు లేవు. పేర్లు తెలిస్తే ఉరి వేస్తారని వాళ్లే ఉత్తరంలో రాశారు. 1727లో బిషప్ ఎడ్మండ్ గిబ్సన్ యజమానులకు బహిరంగ లేఖ రాశాడు. బానిసలకు బోధించమన్నాడు, క్రైస్తవం ఆస్తి హక్కును ఏమాత్రం మార్చదని భరోసా కూడా ఇచ్చాడు. 1730లో, బాప్తిస్మం పొందినవారిని విడుదల చేయమని రాజు ఆజ్ఞాపించాడన్న వదంతి వ్యాపించి బానిసలు లేచారు. నాయకులను ఉరితీశారు.

కూలిన తీరు

ఇప్పుడు ధర సంగతి. 1758లో పంట పోయి పొగాకు ధర పౌనుకు దాదాపు ఆరు పెన్నీలకు ఎగబాకింది. పాదిరీ 16,000 పౌన్లు అమ్ముకుంటే 400 పౌండ్లు. శాసనసభ ఆ ఏడాది పొగాకు బాకీలను పౌనుకు రెండు పెన్నీల చొప్పున నగదుగా తీర్చవచ్చని చట్టం చేసింది. అంటే పాదిరీకి 133 పౌండ్ల 6 షిల్లింగుల 8 పెన్నీలు. ధర పడిపోయిన ఏళ్లలో నష్టం తామే భరించామని, పెరిగిన ఏట లాభం మాత్రం లాక్కున్నారని పాదిరీలు అన్నారు. అందులో న్యాయముంది. కరువులో ఒకడికే మూడింతల జీతమా అని రైతులన్నారు. అందులోనూ న్యాయముంది. 1759లో రాజు ఆ చట్టాన్ని రద్దు చేశాడు. జేమ్స్ మౌరీ అనే పాదిరీ బకాయి కోసం హనోవర్ కౌంటీలో దావా వేశాడు. 1763 డిసెంబర్ 1న పాతికేళ్లు దాటీదాటని వకీలు పాట్రిక్ హెన్రీ లేచి, మంచి చట్టాన్ని కొట్టేసే రాజు నిరంకుశుడే అవుతాడన్నాడు. జ్యూరీ పాదిరీకి ఇచ్చిన పరిహారం ఒక పెన్నీ. చర్చి జీతం తగాదా రాజు అధికారం మీద తగాదాగా మారింది ఆ కోర్టులోనే.

ఈలోగా కింద నుంచి ఇంకో ఒత్తిడి. ఆంగ్లికన్ చర్చికి బయటి శాఖలు పెరిగాయి: 1740ల్లో హనోవర్‌లో ప్రెస్బిటేరియన్లు, 1760ల్లో బాప్టిస్టులు. బాప్టిస్టు బోధకులు బోధించడానికి లైసెన్సు అడగలేదు, పొలాల్లో బోధించారు, బానిసలను సహోదరులని పిలిచి సంఘంలో చేర్చుకున్నారు. 1768 జూన్‌లో స్పాట్సిల్వేనియాలో కొందరిని శాంతిభంగం పేరుతో జైల్లో పెట్టారు. జైలు కిటికీలోంచే బోధించారు. వీళ్లంతా తాము వెళ్లని చర్చికి లెవీ కడుతూనే ఉన్నారు. 1774 జనవరిలో తర్వాత అమెరికా అధ్యక్షుడైన జేమ్స్ మాడిసన్, అప్పటికి యువకుడు, పొరుగు కౌంటీలో ఐదారుగురు మంచివాళ్లు మతం కారణంగా జైల్లో ఉన్నారని మిత్రుడికి బాధతో రాశాడు.

1776 చివర్లో ఇతర శాఖలవాళ్లకు చర్చి పన్ను తీసేశారు, పాదిరీ జీతాన్ని నిలిపేశారు. 1779లో పూర్తిగా ఎత్తేశారు. థామస్ జెఫర్సన్ రాసిన మతస్వేచ్ఛ చట్టం 1786 జనవరి 16న ఆమోదం పొందింది. పేదల పోషణను వెస్ట్రీల నుంచి తీసి, ఎన్నికైన అధికారులకు అప్పగించారు. 1802లో పాదిరీ లేని గ్లీబ్ మాన్యాలను అమ్మడానికి అనుమతి వచ్చింది. పన్ను, పేదలు, మాన్యం మూడూ పోయాక, జనం కానుకల మీద బతికే అలవాటే లేని చర్చి ఎన్నో చోట్ల తాళం వేసుకుంది.

ఉత్తర వర్జీనియాలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు ఈ చరిత్ర కారులో వెళ్లే దూరంలోనే ఉంది. ఫాల్స్ చర్చ్ నగరం పేరు 1769లో కట్టిన ఇటుక చర్చి పేరే. లోర్టన్ దగ్గరి పోహిక్ చర్చి 1774లో పూర్తయింది. ట్రూరో పారిష్‌కు చెందిన ఆ చర్చి వెస్ట్రీలో జార్జ్ వాషింగ్టన్, జార్జ్ మేసన్ ఇద్దరూ కూర్చున్నారు. గోడలు చూశాక అచ్చయిన వెస్ట్రీ పుస్తకం ఒకటి తెరవండి. శరదృతువు సమావేశం దగ్గర ఆగండి. ఎడమ పక్క పేర్లు, కుడి పక్క పౌన్లు, అడుగున తలల సంఖ్య, తలకు పడిన లెవీ. రెండేళ్ల లెవీల మధ్య పెద్ద తేడా కనిపిస్తే కొత్త చర్చి కడుతున్నారనో, పాదిరీ కుర్చీ ఖాళీ అయిందనో అర్థం. బాప్తిస్మాలు, జననాలు వేరే రిజిస్టర్‌లో ఉంటాయి. అందులో బానిసల పిల్లలను యజమాని పేరు కిందే రాశారు, ఇంటిపేరు ఉండదు. కనుక ఆ పిల్లల కోసం వెతికేవాళ్లు ముందు తోటదారుడి పేరు పట్టుకోవాలి.